నలభై అడుగుల స్టేషను

రామచంద్రపురం వెళ్లే దారిలో, కాలువ గట్టుకు ఆనుకుని ఒక రైల్వే స్టేషను ఉంది. రెండు టికెట్ కిటికీలు, నూట ఇరవై అడుగుల ప్లాట్‌ఫారం, నాలుగంతస్తుల గడియారం టవరు. పట్టాలు లేవు. అక్కడికి ఏ రైలూ రాలేదు. ఆ టవరు మీద ఉన్న తప్పు నాది. ఈ మాట చెప్పడానికి నాకు ఆరేళ్లు పట్టింది.

నాది పదో తరగతి. కలప అడితిలో దుంగల కొలతలు రాస్తూ లెక్క నేర్చుకున్నాను. ఆ తరువాత ఇళ్లు కట్టేవాళ్లకు ఎన్ని ఇటుకలు, ఎంత ఇసుక అన్నది కట్టి ఇవ్వడం మొదలుపెట్టాను. నా లెక్క తప్పదని ఊళ్లో పేరు. మా అక్క భర్త, అంటే మా బావగారు, గుడి గోపురాల మీద సిమెంటు బొమ్మలు చేసే మేస్త్రి. ఆయనకు అక్షరాలు రావు, అంకెలు మాత్రం గుర్తుపడతారు. ఏ పని ఒప్పుకున్నా కాగితం నా దగ్గరికి తెచ్చేవారు. నేను చదివి, ఆయనకు కావలసిన కొలతలు విడిగా రాసి ఇచ్చేవాణ్ణి. ఇరవై రెండేళ్లు అలా నడిచింది.

ఒక రైసుమిల్లు యజమాని పన్నెండెకరాల చేను పూడ్చి థీమ్ పార్కు మొదలుపెట్టారు. గేటు కోటలా ఉంటుంది, హోటలు ఓడలా ఉంటుంది. రాజమహేంద్రవరం నుంచి కాలువ గట్టు వెంట చిన్న రైలు వేస్తారని అప్పట్లో ఒక ప్లాను తిరుగుతుండేది. సర్వేవాళ్లు పాతికేసి మీటర్లకు ఒక రాయి పాతి ఎర్ర రంగు పూశారు. స్టేషను ముందే కట్టేస్తే రైలు తన పార్కు దగ్గర ఆగక తప్పదని యజమాని లెక్క. టవరు కాంక్రీటు పని వేరేవాళ్లు చేశారు. పైపని, అంటే కిటికీల చుట్టూ నగిషీ, అంతస్తుకు నాలుగు చొప్పున దీపం పట్టుకున్న ఆడబొమ్మలు, బావగారికి వచ్చింది.

విశాఖ నుంచి డిజైనరు పంపిన కాగితంలో ఒక పట్టిక ఉంది. మొదటి అంతస్తు బొమ్మ నాలుగు అడుగులు, రెండోది మూడున్నర, మూడోది మూడు, నాలుగోది రెండున్నర. కిటికీల చుట్టూ నగిషీ కొలతలూ అంతే, పైకి పోయేకొద్దీ తగ్గుతున్నాయి.

గోపురాల పనిలో దీనికి పూర్తిగా తిరగేసి చేస్తారు. కింద నిలబడి చూసేవాడికి పై బొమ్మ చిన్నదిగా కనబడుతుంది కాబట్టి పైకి వెళ్లేకొద్దీ బొమ్మ పెంచుతారు. అప్పుడే అన్నీ ఒకే ఈడు మనుషుల్లా ఉంటాయి. ఇది బావగారి వెనక తిరిగి నేను నేర్చుకున్నది. పట్టిక రాసినవాళ్లు అంతస్తులు తలకిందులుగా వేశారనుకున్నాను. అందులో ఫోను నంబరు ఉంది. ఫోను చేయలేదు. పెన్సిలుతో అంకెలు తిరగేసి వేరే కాగితం మీద రాశాను. పట్నం వాళ్ల తప్పు పట్టుకున్నానని కొంచెం సంతోషపడ్డాను కూడా.

బావగారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని కాసేపు చూశారు. నా కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

పదహారు బొమ్మలకు నాలుగు నెలలు పట్టింది. పరంజా విప్పిన రోజు మధ్యాహ్నం డిజైనరు వచ్చింది. ముప్పై దాటని అమ్మాయి. ప్లాట్‌ఫారం చివరి దాకా నడిచి, వెనక్కి తిరిగి చూసి, అక్కడే నిలబడిపోయింది. యజమాని ఆమె మొహం చూసి టవరు వైపు చూశారు.

"స్టేషను కట్టమంటే పీట మీద కూర్చున్న పెద్దమ్మని కట్టారేంటండీ మేస్త్రిగారూ," అన్నారు.

కూలీలు నవ్వారు. నిజంగానే టవరు కూర్చున్నట్టుంది.

"కింద పెద్దవి, పైన చిన్నవి పెడితే కన్ను మోసపోతుందండి. పైది చాలా ఎత్తున ఉందనుకుంటుంది," అంది ఆమె. "నలభై అడుగులు కట్టి అరవై చూపిద్దామనుకున్నాం. మీరు ముప్పై చూపించారు. ఎవరు పెంచమన్నారండీ పైవి?"

నేను బావగారికి రెండడుగుల దూరంలో ఉన్నాను. నోరు తెరిచేలోపు ఆయన అన్నారు, "పైకెళ్తే పెంచాలండి. మా పని అంతే."

"కాగితం చూడలేదా?"

"చదువుకోలేదండి నేను."

"మరి మీ బామ్మర్ది చదువుకున్నాడుగా," అన్నారు యజమాని, నా వైపు చూసి. అంకెలు తిరగేసింది నేనేనని చెప్పలేదు. నాకు ఆ పూట భయం వేసినట్టు గానీ సిగ్గు వేసినట్టు గానీ గుర్తు లేదు. ప్లాట్‌ఫారం పలకలు లెక్కపెట్టినట్టు గుర్తుంది. అడ్డంగా పద్నాలుగు.

రైలు ట్రయల్ వేసేలోపు కొట్టేసి మళ్లీ చేయిద్దాం అని తేల్చారు. అంతవరకూ అలాగే ఉండనిమ్మన్నారు.

ఆ తరువాత సాయంత్రాలు నేను సైకిలు మీద గట్టున పోయి సర్వే రాళ్లు లెక్కపెట్టేవాణ్ణి. స్టేషను నుంచి మా ఊరి కాలువ లాకుల దాకా నూట పద్దెనిమిది రాళ్లు. మూడు కిలోమీటర్లకు డెబ్బై అయిదు మీటర్లు తక్కువ. రైలు ఎంత దగ్గరికి వస్తే టవరు పడగొట్టడం అంత దగ్గరవుతుంది. ఆ రోజు ఎవరో ఒకరు నేను పెన్సిలుతో రాసిన కాగితం బయటికి తీస్తారు. ఎప్పుడు లెక్కపెట్టినా నూట పద్దెనిమిదే.

అసలు దెబ్బ వేరే వైపు నుంచి తగిలింది. బావగారి సొంత ఊరివాళ్లు శివాలయం గోపురం బాగుచేయించాలనుకున్నారు. ఆ గోపురం మీద బొమ్మలు వాళ్ల నాన్నగారు చేసినవి. ఆ పని తన చేతుల మీదుగా జరగాలని ఆయన ఎన్నాళ్ల నుంచో చూస్తున్నారు. గుడి పెద్దలు ఇద్దరు ఒక ఉదయం మా ఇంటికి వచ్చారు.

"ఏమీ అనుకోకండి. మీ బావగారికి కొలత తేడా వచ్చిందంటున్నారు. పెద్దపని కదండీ మాది. మీరు లెక్క మనిషి, మీరైతే ఉన్నమాట చెప్తారని," అన్నారు పెద్దాయన.

"ఆయన చెయ్యి మంచిదండి," అన్నాను.

"చెయ్యి సంగతి కాదండి. కొలత."

"కాగితంలో ఒకటుంది, కట్టింది ఒకటైందండి," అన్నాను. అందులో అబద్ధం ఒక్క మాట కూడా లేదు. ఆయన తలూపి కాఫీ తాగారు. రెండోవాడు నా గోడ మీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నాడు. వాళ్లు వెళ్లాక నేను గ్లాసులు కడిగి బోర్లించాను.

గోపురం పని బయటి మేస్త్రికి ఇచ్చారు. ఆ తరువాత గోపురాల పనికి బావగారిని ఎవరూ పిలవలేదు. రోడ్డు పక్కన షెడ్డు వేసుకుని సిమెంటు తులసికోటలు పోసి అమ్ముతున్నారు.

రైలు ప్లాను కొన్నాళ్లకు ఆగిపోయింది. ఆగిపోయిందని ఎవరూ చెప్పలేదు, మాట్లాడటం మానేశారు. రాళ్లు కొన్ని గేదెల్ని కట్టడానికీ, కొన్ని కాలువ రేవులో బట్టలు ఉతకడానికీ పోయాయి. ట్రయల్ లేదు కాబట్టి టవరును కొట్టనూ లేదు. పార్కు నడుస్తోంది. జనం ఆ ప్లాట్‌ఫారం మీద నిలబడి ఫోటోలు తీసుకుంటారు. టవరు పొట్టిగా ఉందని అడిగినవాళ్లను నేను చూడలేదు.

మొన్న వేసవిలో బావగారిని అక్కడికి తీసుకెళ్లాను. ఎందుకని అడగకుండా బండెక్కారు. ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చున్నాక చెప్పాను. పట్టిక సరిగానే ఉందనీ, నేనే తిరగేశాననీ.

"తెలుసు," అన్నారు.

"ఎప్పటి నుంచండీ?"

"నువ్వు కాగితం ఇచ్చిన రోజు నుంచీ. అంకెలు చదవలేనా నేను? వాళ్ల పట్టికలో మొదటి వరసలో నాలుగుంది, నీ దాంట్లో చివరి వరసలో నాలుగుంది."

"మరి అడగలేదేంటండీ?"

"నువ్వు దిద్దావంటే అదే రైటనుకున్నా బామ్మర్దీ. ఇరవై రెండేళ్లలో నిన్ను ఎప్పుడైనా అడిగానా?"

పక్కన ఒక కుటుంబం ఫోటో తీసుకుంటోంది. మమ్మల్ని కొంచెం జరగమన్నారు. జరిగాం.

"గుడివాళ్లకి చెప్తానండి," అన్నాను.

"కుంభాభిషేకం కూడా అయిపోయింది. ఇప్పుడు చెప్తే ఎవరికి?" కాసేపు పై బొమ్మల వైపు చూశారు. "ఆ నాలుగూ బాగా వచ్చాయి. కింద నుంచి చూడు, మొహాలు తెలుస్తున్నాయి." ఆ తరువాత టీ తాగుదాం అన్నారు.

అయినా వెళ్లి పెద్దాయనకు చెప్పాను. ఆయన విన్నారు. "సరేలెండి," అన్నారు.

మర్నాడు బావగారే కబురు చేశారు. ఎవరో అపార్ట్‌మెంటు వాళ్లకు ఎప్పుడూ చేసే దానికన్నా పెద్ద తులసికోట కావాలట, అచ్చు కొలత కట్టి ఇవ్వాలి. షెడ్డులో కూర్చుని కట్టాను. అడుగున ఇరవై ఏడు అంగుళాలు, పైన పద్దెనిమిది. చెప్పి, కాగితం మీద రాసి ఇచ్చాను. ఆయన కాగితం తీసుకుని, నేల మీద సుద్దతో రెండు గీతలు గీసి, ఆ ఇరవై ఏడును జానకు తొమ్మిది అంగుళాల చొప్పున మూడు జానలు వేసి చూసుకున్నారు. సరిపోయింది. పద్దెనిమిదిని రెండు జానలు వేశారు. అదీ సరిపోయింది. అప్పుడు అచ్చు చెక్కలు కోయమన్నారు.

ఇదివరకు ఆయన నా అంకెను సరిచూసుకునేవారు కాదు.