కన్నమ్మ మాట మీద తీసిన పెళ్లి

ఇది చెప్పకుండా ఇన్నేళ్లు బతికాను. తిన్నాను, తిరిగాను, నలుగురిలో నవ్వాను. కానీ ఎవరైనా నన్ను మంచివాడు అన్న ప్రతిసారీ అన్నంలో రాయి తగిలినట్టు ఉండేది. మీరెవరో నాకు తెలియదు. అదే నయం. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యం నాకు లేదు. చెప్పబోయి ఎన్నిసార్లు మింగేశానో. ఇప్పుడైనా విషయానికి రారా అని నన్ను నేనే తిట్టుకుంటూ రాస్తున్నాను.

రెండు వేల ఏడో ఎనిమిదో, ఆ ప్రాంతం. పినపాక దగ్గర నాకొక నెట్ సెంటర్ ఉండేది. నాలుగు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మిషను, పెళ్లిళ్లు తీయడానికి క్యాసెట్ వేసే ఒక వీడియో కెమెరా. జనం వీడియోలు పెట్టుకునే సైట్లు అప్పుడే వస్తున్నాయి. అందులో ఒకదాంట్లో మా మండలం పేరుతో నేనొక పేజీ తెరిచాను. సంతలో పాటలు, బడిలో నాటకాలు, మీటింగుల్లో ఉపన్యాసాలు, అన్నీ ఎక్కించేవాణ్ణి. పదినిమిషాల వీడియో ఎక్కాలంటే ఒక పూట పట్టేది. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికి. అయినా ఓపిగ్గా చేసేవాణ్ణి. పేజీ పైన ఒక మాట రాసి పెట్టాను: 'ఇక్కడ ఎవరి మాటా తీసేయం. నచ్చకపోతే కింద జవాబు రాయండి.' ఆ వాక్యం చూసుకుని ఎంత మురిసిపోయానో చెప్తే మీరు నవ్వుతారు.

మాది కోస్తా నుంచి వచ్చిన కుటుంబం. తాతల నాడు వచ్చి గోదావరి పక్కన సాగు మొదలుపెట్టాం. ఇది ఏజెన్సీ. గిరిజనులు కానివాళ్లు ఇక్కడ భూమి కొనడానికి చట్టం ఒప్పుకోదు. మరి మీరెలా దున్నుతున్నారు అని అడుగుతారా? అడగాలి కూడా. భూమి మా దగ్గర జీతం చేసే జోగయ్య పేరు మీద ఉండేది. జోగయ్య కోయవాడు. దున్నించేది మేము, అమ్ముకునేది మేము, పేరు మాత్రం ఆయనది. మా చుట్టుపక్కల ఇలాంటివి చాలానే ఉండేవి. అందరం దాన్ని నమ్మకం అనేవాళ్లం.

ప్రతి ఏడూ నారు పోసే రోజు జోగయ్యకు మా నాన్న కొత్త పంచె పెట్టేవాడు. మా అమ్మ బొట్టు పెట్టేది. మడిలో తొలి పిడికెడు వడ్లు ఆయనే చల్లాలి. ఆ తర్వాతే కూలీలు దిగేవాళ్లు. చిన్నప్పుడు నేను గట్టు మీద నిలబడి చూసేవాణ్ణి. మా నాన్న ఎంత మర్యాదస్తుడో అనుకునేవాణ్ణి. నా పక్కనే జోగయ్య కూతురు కన్నమ్మ నిలబడేది. నాకంటే నాలుగైదేళ్లు పెద్దది. బురదలో జారకుండా నా చెయ్యి పట్టుకునేది. తర్వాత తను చదువుకుని అంగన్‌వాడీలో టీచర్ అయింది. చుట్టుపక్కల గూడేలకి ఆమె మాటంటే గురి.

ఒక సంత రోజున భూముల గురించి మీటింగ్ పెట్టారు. కెమెరా పట్టుకుని వెళ్లాను. కన్నమ్మ మాట్లాడటానికి లేచింది. కోయ భాషలో కాకుండా తెలుగులో మాట్లాడింది, మావాళ్లకు కూడా అర్థం కావాలని. తొలి పిడికెడు గురించి చెప్పింది.

"మా నాయినకు ఏటేటా కొత్త పంచె పెడుతుండ్రి. గది మర్యాద అనుకున్నం. ఎవలన్న ఆఫీసరు సారొచ్చి ఈ మడిల ఇత్తనం ఏసినోడు ఎవలని అడిగితే ఊరంత మా నాయిన పేరే చెప్పాలె. గందుకే ఆ పంచె. గిది నాకు సమజ్ గానీకి ఇన్నేండ్లు పట్టింది" అంది.

ఎవరి పొలమో చెప్పలేదు. ఏ ఇంటి పేరూ ఎత్తలేదు. నేను కెమెరాని ఆమె మీంచి జనం వైపు తిప్పేశాను. ఆ చోట మాటే వినిపిస్తుంది, మనిషి కనిపించదు. ఎవరైనా చూస్తే కెమెరావాడికి చేతకాలేదు అనుకుంటారు.

మరి అలాంటిది ఎందుకు ఎక్కించావంటారా? నా నియమం మీద నాకు అంత గర్వం. పేరు చెప్పలేదు కదా అన్న ధీమా కూడా. ఎక్కించాను. రెండు మూడు రోజులు ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత కొత్తగూడెంలో, ఖమ్మంలో, హైదరాబాద్‌లో ఉన్న మావాళ్లు చూశారు. కింద వ్యాఖ్యలు మొదలయ్యాయి. మా తాతలు అడవి కొట్టి బాగుచేసిన నేల అని ఒకరు. అడవి ఎవరిది అని ఇంకొకరు. కొన్ని నిజంగా మంచి మాటలు. ఒక రైతు కొడుకు ఎవరో, మా ఇంట్లోనూ ఇదే జరిగింది, ఆలోచించాల్సిందే అని రాశాడు. అది చదివి నాకు సంతోషం కలగాలి కదా? స్క్రీన్ కట్టేసి లెక్కలు వేసుకున్నాను. ఇలా ఒక్కొక్కరూ చెప్పుకుంటూ పోతే రేపు మా నాన్న పేరు ఎవరో ఒకరు రాస్తారు. ఆ భూమి పోతే మేమేం తింటాం? తీసేయాలని అప్పుడే అనుకున్నాను. సాకు దొరకలేదు, అంతే.

మర్నాడు దొరికింది. ముఖం లేని పేరుతో ఎవడో కన్నమ్మ ఉండే గూడెం పేరు రాసి, ఆమె సంగతి చూస్తామన్నాడు. ఆ ఒక్క వ్యాఖ్య తీసేస్తే సరిపోయేది. వాణ్ణి పేజీలోకి రాకుండా ఆపితే సరిపోయేది. నేను వాడి మాటనీ తీశాను, ఆమె మాటనీ తీశాను, కింద జరిగిన వాదన మొత్తాన్నీ తీశాను. దాని చోట 'వక్త క్షేమం కోసం, మండల శాంతి కోసం తొలగించడమైనది' అని పెట్టాను. మావాళ్లు ఫోన్లు చేసి మెచ్చుకున్నారు. పెద్దరికం చూపించావురా అన్నారు. ఆ వాక్యం రాసిన చేతిని ఇప్పటికీ చూసుకుంటాను. ఎంత శుభ్రంగా రాసిందో!

మాట ఉన్నన్నాళ్లూ జనం దాని మీద కొట్టుకున్నారు. మాట పోయాక దాని గురించి కథలు పుట్టాయి. కన్నమ్మ మన పంటలకి నిప్పు పెట్టమందట. మన ఆడవాళ్లని బూతులు తిట్టిందట. చూశారా అంటే చూడలేదు, చూసినవాళ్లు చెప్పారు అనేవాళ్లు. అంత ఘోరంగా మాట్లాడకపోతే ఎందుకు తీసేస్తారు అని నా ముందే ఒకాయన జిరాక్స్ తీయించుకుంటూ అన్నాడు. నేను కాగితాలు సర్ది ఇచ్చాను. నోరు తెరవలేదు. ఎందుకు తెరవలేదు? అలా కాదండీ, ఆవిడ అలా అనలేదండీ అంటే నా సొమ్మేం పోయేది?

ఎవరో కన్నమ్మ మీద ఆమె పై ఆఫీసుకి ఫిర్యాదు రాశారు. విచారణ వచ్చింది. గూడెం వాళ్లు వెళ్లి ఆమె అలా అనలేదని చెప్పారు. మీరంతా ఆమె మనుషులే కదా అన్నారట అక్కడ. వీడియో ఉందంటున్నారుగా, అది తెండి అన్నారట.

కన్నమ్మ నా దగ్గరికి వచ్చింది. మిట్టమధ్యాహ్నం, సెంటర్లో ఎవరూ లేరు. నీళ్లిస్తే తాగలేదు.

"తమ్మీ, ఆఫీసుల నా మాట ఇనిపియ్యమంటున్నరు. క్యాసెట్టియ్యి. ఇనిపిచ్చి మళ్ల తెచ్చిస్త" అంది.

"లేదక్కా. అదే క్యాసెట్ మీద పెళ్లి తీశాను, నీ మాట చెరిగిపోయింది."

"పెండ్లా? నా మాట మీదనా?"

"క్యాసెట్లు తక్కువ పడ్డాయి. తొందరలో చూసుకోలేదు."

"ఎవలది పెండ్లి?"

"ఏన్కూరు వాళ్లది" అన్నాను. తడుముకోకుండా అన్నాను. అంత చలాకీగా అబద్ధం వస్తుందని నాకే తెలియదు.

ఆమె కెమెరా వైపు చూసింది. "మీ నాయిన పేరు నేను చెప్పలే తమ్మీ. చెప్ప గూడ చెప్ప. గందుకే తీసేసినవేమో అని మావోళ్లంటే, గట్ల కాదు, నా చెయ్యి పట్టుకొని పెరిగిండు అన్న. గది కాదు గదా?"

"కాదక్కా."

"అవ్ మరి" అంది. లేచి చీర కొంగు సర్దుకుంది. గుమ్మం దాకా వెళ్లి, "పెండ్లోల్లు మంచిగుండాలె" అని వెళ్లిపోయింది.

ఆ పెళ్లి జరగలేదు. ఏన్కూరులో నాకు తెలిసినవాళ్లే లేరు. క్యాసెట్ నా మోకాలి పక్కన సొరుగులో ఉంది. చెయ్యి చాపితే అందుతుంది. ఆ సొరుగు మీద కాలు ఆనించి కూర్చున్నాను, అదెక్కడ దానంతటదే తెరుచుకుంటుందోనని.

కన్నమ్మ ఉద్యోగం పోయింది. ఆ ఏడు ఎండల్లో మిర్చి ఏరే కూలీల్లో ఆమె కనిపించింది. మా చేలోనే. తలకి గుడ్డ చుట్టుకుని ఉంది. నన్ను చూసి బాగున్నావా తమ్మీ అంది. బాగున్నానక్కా అన్నాను. మా నాన్నకు ఈ సంగతులేవీ తెలియవు. ఆయన నన్ను తీసెయ్యమనలేదు, దాచమనలేదు. ఆయన మీదికి తోసేద్దామన్నా కుదరదు.

ఈ మధ్య అందరూ ఇదే వాదిస్తున్నారు. వివాదం రేపే ఉపన్యాసాలు తీసేయాలా, ఉంచి జవాబు చెప్పాలా అని. ఒక కాలేజీవాళ్లు నన్నూ పిలిచారు, పాతకాలం నుంచి నెట్‌లో ఉన్నవాడినని. రెండువైపులా న్యాయంగా మాట్లాడాను. చప్పట్లు కొట్టారు. ఒళ్లు మండింది, నా మీదే. అందరికీ ఏది సరైనదో నాకు ఇప్పటికీ తెలియదు. కొన్ని మాటలు మనుషుల ప్రాణం మీదికి తెస్తాయి, అదీ చూశాను. కానీ నేను తీసింది అందుకు కాదు. శాంతి అని రాసి భూమి కాపాడుకున్నాను. ఈ ఒక్కటి మాత్రం నాకు ఖాయంగా తెలుసు.

నిన్న ఆ క్యాసెట్ వేసి చూశాను. గీతలు పడ్డాయి కానీ మాట వినిపిస్తోంది. చివర్లో కన్నమ్మ అన్నది ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "పంట జోలికి ఎవలు పోవద్దు. ఎవలు ఏసినా గది తిండే. మేం అడిగేది ఒక్కటే, నిజం ఒప్పుకోండ్రి." నిప్పు పెట్టమనలేదు. ఎవరినీ తిట్టలేదు.

ఇది చదివి నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సింది మీరు కాదు, ఆమెని అడిగే ముఖం నాకు లేదు. ఆమె తన ఊళ్లో, తన పేరుతో, అందరి ముందూ నిలబడి మాట్లాడింది. నేను ఇప్పుడు కూడా పేరు పెట్టకుండా రాస్తున్నాను. అయినా ఇన్నేళ్లకి ఆ సొరుగు మీది కాలు కాస్త పక్కకి తీసినట్టుంది. ఆమె ఆ రోజు ఎవరి మడో చెప్పకుండా వదిలేసింది. అది మా మడి.