కబురు ముందు రోగికే

రావులపాలెం సెంటర్లో బస్సు ఆగి ఉండగా ఫోను మోగింది. "బాబూ, మీ మేడం వెళ్ళిపోయారు," అన్నారు మేడం భర్త మాస్టారు. అరటి గెలల లారీల హారన్ల మధ్య ఆ మాట రెండోసారి చెప్పించుకున్నాను. డాక్టర్ గ్రేస్ రత్నకుమారి గారి మరణం ఊహించనిదేమీ కాదు. అయినా నిశ్చేష్టుణ్ణయ్యాను. రాజమహేంద్రవరంలో నరాల డాక్టరుగా జీవితం ధారపోసి, నాబోటి వాళ్ళకు విద్య నేర్పిన ఆ మహనీయురాలు ఇక లేరంటే మనసు ఒప్పుకోవడం లేదు.

ఆమె జీవితమంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగింది. మతిమరుపు ముదిరి మనిషినే మింగేసే జబ్బును డిమెన్షియా అని ఒకే మాటతో పిలుస్తాం గాని, అందులో రకాలు చాలా. మెదడులో రగిలే మంట, అదే ఇన్‌ఫ్లమేషన్, వెన్నులోంచి తీసిన నీటిలో తన ఆనవాళ్ళు వదులుతుంది. వాటిని బట్టి జబ్బు ఏ రకమో పోల్చుకోగలమా అన్నదే ఆమె అన్వేషణ. కొన్నిసార్లు పోల్చుకోగలం, చాలాసార్లు అన్నీ ఒకలాగే కనిపిస్తాయి. "తెలియదు అనడానికి సిగ్గుపడే డాక్టరు దగ్గరికి నేనైతే వెళ్ళను," అనేవారు.

మెత్తని మనిషి మాత్రం కాదు. వెన్నులో సూది గుచ్చితే నడుం పడిపోతుందని ఎవరైనా అంటే ఇంతెత్తున లేచేవారు. సూది పని అయ్యాక మాత్రం తనే స్టూలు లాక్కుని, వెల్లకిలా పడుకున్న రోగి పక్కన కూర్చుని, ఇవాళ ఇంట్లో కూరేంటని అడిగేవారు. మాకవి కాలక్షేపం కబుర్లనిపించేవి. ఆ కూర వండే విధానం చెప్పడంలో రోగి ఎక్కడ తడబడుతున్నాడో ఆమె చూస్తుండేవారు.

ఒకసారి కాకినాడ అవతల సముద్రపు ఒడ్డున చేపలమ్ముకునే ఒకావిడను కొడుకు తీసుకొచ్చాడు. కొద్ది వారాల్లోనే ఆవిడ అయినవాళ్ళనే మరిచిపోయింది. పెద్దాపురంలో మరిడమ్మ తల్లికి మొక్కుకుని నేరుగా మా దగ్గరికే వచ్చారు. రిపోర్టు రాగానే కొడుకు మేడంను వరండాలోకి పిలిచి, "ఏదైనా మాకు చెప్పండమ్మా, మా అమ్మకొద్దండి," అన్నాడు. మనవైపు ఆనవాయితీ అదే కదా! జబ్బు ఒకరిది, కబురు మాత్రం రోగికి తప్ప ఇంటిల్లిపాదికీ. మేడం కళ్ళెర్రజేశారు. "నీరు ఎవరి వెన్నులోంచి తీశాం? కబురూ ముందు ఆవిడకే." లోపలికి వెళ్ళి, ఆవిడకు ఎంత అర్థమవుతుందో తెలియకపోయినా, చెయ్యి పట్టుకుని అంతా చెప్పారు. అదృష్టవశాత్తూ అది మందులకు లొంగే మంట. ఆవిడ తేరుకుని ఎండు రొయ్యల సంచితో తనంతట తాను నడిచొచ్చిన రోజున, మేడం ఆవిణ్ణి వార్డంతా తిప్పి అందరికీ చూపించారు.

అలాంటి మనిషి ఒక మధ్యాహ్నం రౌండ్సులో ఒకే రోగి పేరు మళ్ళీ మళ్ళీ అడిగారు. మేము గమనించనట్టు నటించాం. ఆమె నటించలేదు. "ఏమయ్యా, నా వెన్నులో నీరు నువ్వే తియ్యాలి," అన్నారు. ఆ చేపలమ్మే ఆవిడకొచ్చిన రకమే కావాలని ఎంత ఆశపడ్డానో చెప్పలేను. కాలేదు. మంట ఆనవాళ్ళు ఉన్నాయి గాని, వాటి పక్కనే, మందులకు లొంగని అల్జీమర్స్ గుర్తులు స్పష్టంగా కనిపించాయి. నా ముఖం చూసి గ్రహించిన ఆమె భర్త, రిటైరైన స్కూలు మాస్టారు, నా రెండు చేతులూ పట్టుకున్నారు. "ఆవిడకి చెప్పకండి బాబూ. మీకు దండం పెడతాను."

చెప్పాను. "ఇన్‌ఫ్లమేషన్ ఉంది, చూశావా!" అని ముందు ఆమె కళ్ళు మెరిశాయి. తరువాత మాస్టారి భుజం మీద తల ఆన్చి ఏడ్చారు. "చెప్పావు, మంచిపని చేశావు," అని నన్నే ఓదార్చారు.

అసలు కష్టం అప్పుడు మొదలైంది. చెప్పింది ఆమెకు గుర్తుండలేదు. ఆదివారం చర్చి అయ్యాక వాళ్ళింటికి వెళితే, "నా రిపోర్టు వచ్చిందా?" అని అడిగేవారు. చెప్పేవాణ్ణి. ఎన్నిసార్లు చెప్పినా ఆమెకది మొదటిసారే, అదే దుఃఖం. "ఎన్నిసార్లు చంపుతారండి ఆవిణ్ణి?" అని మాస్టారు ఒకరోజు అరిచేశారు. నాకూ కోపం వచ్చింది, ఆమె నేర్పిన ఆ నియమం మీద. అయినా ఆమె ముందు అబద్ధమాడడానికి నోరు రాలేదు.

చివరిసారి వెళ్ళినప్పుడు కూడా, "రిపోర్టు వచ్చిందా?" అన్నారు. చెప్పాను. ఈసారి ఏడవలేదు. కళ్ళజోడు సర్దుకుని, పాతరోజుల్లో రౌండ్సులో చూసినట్టు నా వైపు చూశారు.

"పేషెంటుకి చెప్పావా?"

"చెప్పానండి."

"ఏమన్నారు?"

నేను మాస్టారి వైపు చూశాను. మాస్టారు అందుకున్నారు. "చాలా ఏడ్చింది."

"పాపం. దగ్గర ఎవరైనా ఉన్నారా?"

"నేనున్నాను రత్నం," అన్నారు మాస్టారు.

"సరే అయితే," అని ఆమె కళ్ళు మూసుకున్నారు.

మేడం, మీ శిష్యులం మీ నియమాన్ని పాటిస్తూనే ఉన్నాం. మీ విషయంలో నేను చేసింది న్యాయమో, క్రౌర్యమో తేల్చుకోలేకపోతున్నాను. సిగ్గుపడకుండా చెప్పమన్నారు గనక చెబుతున్నాను, తెలియదు. వరండాలోకి పిలిచి అడుగుదామంటే మీరు లేరు. మీ పాదాలకు నమస్సులు.