రాగి కొద్దీ రాగం

మా కాలనీలో పదహారు మంది ఆడవాళ్లు పట్టపగలు, నడిరోడ్డు మీద, ఒకరి వేళ్లను ఒకరు కర్రలతో వాయించుకున్నారని మీరు వినే ఉంటారు. నల్లా నీళ్ల పంచాయితీ అని కొందరు చెబుతారు, పాత పగలు అని కొందరు. అన్నీ అబద్ధాలు. కారణం నేను. నేనూ, నేను ఏరికోరి తెచ్చిన రెండు స్పీకర్లూ, వాటికి కట్టిన వైరూ.

ఆరేళ్ల కిందటి మాట. అప్పటికి నేను ఇప్పటికన్నా ఆరేళ్లు చిన్నవాణ్ణి, అరవై రెట్లు తెలివైనవాణ్ణి. మల్లాపూర్‌లో ప్రెస్ మిషన్ మీద ముప్పై ఎనిమిదేళ్లు రేకులు కొట్టి అప్పుడప్పుడే రిటైరయ్యాను. అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. తెలుగు మా టైమాఫీసు గుమాస్తా టీ వేళల్లో నేర్పాడు. ఇంగ్లీషు ఎవరూ నేర్పలేదు. ఉప్పల్ చౌరస్తాలో బస్సు కోసం నిలబడి, వచ్చే పోయే బండ్ల నంబరు పలకలు చూసి నేనే పట్టుకున్నాను. ముసలాడికి అక్షరాలొస్తే మిట్టమధ్యాహ్నం లాంతరు పట్టుకుని బోర్డులు చదివాడట. వెతక్కండి, ఈ సామెత నేనే కట్టాను, నా కోసమే. అక్షరాలు రాకముందు ఏదైనా తెలియకపోతే పక్కవాణ్ణి అడిగేవాణ్ణి. వచ్చాక అడగడం మానేశాను. కొంప అక్కడే మునిగింది.

ఇక మా ఆవిడ ఈశ్వరమ్మ. కాలనీ ఆడవాళ్లను పదహారు మందిని పోగేసి కోలాటం జట్టు కట్టింది. తనే ఒక పాట కట్టింది. మామూలు పాట కాదు, అడిగే పాట. ఒకరు ప్రశ్న అడుగుతారు, ఒకరు జవాబు చెబుతారు. ప్రశ్నకు లోపలి వరస ఆడవాళ్లు కదలాలి, జవాబుకు బయటి వరస కదలాలి. జవాబులన్నీ మా ఆవిడవి. ప్రశ్నలు అంబర్‌పేటలో ఉండే వాళ్ల వదిన సత్తెమ్మవి. వదినా మరదళ్ల సంగతి మీకు చెప్పాలా? సత్తెమ్మ గొంతు గంట. మా ఆవిడ గొంతు తేనె. గంట మోగుతుంటే తేనె కారిన చప్పుడు ఎవరికి వినబడుతుంది? ముప్పై ఏళ్లుగా ఏ పెళ్లిలో పాడినా సత్తెమ్మ ఒక్కతే పాడినట్టు ఉండేది. పైగా ఎగురుతూ పాడితే ఆయాసం. అందుకని కాలనీ సంఘం పండగకు పాటను ముందే రికార్డు చేసి స్పీకర్లలో వెయ్యాలని నిర్ణయం.

రికార్డు చేసినవాడు సత్తెమ్మ కొడుకు శీను. నాచారంలో పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేసుకుంటాడు. వాడి కొట్టులో మొదటి నిమిషానికే లొల్లి మొదలైంది.

"జర దూరం జరుగు వదినె. నీ గొంతు నా మైకుల బడ్తున్నది."

"నీ గొంతు లేవకుంటె నేనేం జెయ్యాలె ఈశ్వరమ్మా? బుక్కెడు తిని రాకపోయినవా?"

శీను ఇద్దరికీ దండం పెట్టాడు. "ఓ అత్తా, ఓ అమ్మా, ఆగుండ్రి! ఇద్దర్ని యేరేయేరే గదులల్ల కూసోబెడ్త. ఒక డబ్బాల అమ్మ గొంతే వస్తది, ఒక డబ్బాల అత్త గొంతే వస్తది. ఇద్దరిది సరిసమానం. సరేనా?"

"సరే గని, పండగ నాడు ఇద్దరం ఒక్కసారే వినాలె. ముందుగాల ఎవ్వలు వినొద్దు," అంది మా ఆవిడ. సత్తెమ్మ ఒప్పుకుంది.

ఇంటికొచ్చాక మా ఆవిడ నాతో ఒక్క మాట అంది. "నేను నిన్ను ఎన్నడు ఏమడగలే. ఒక్కసారి నా గొంతు మన కాలనీకి వినబడాలె. మంచి డబ్బాలు తే."

"నాకిడిసిపెట్టు," అన్నాను. చరిత్రలో మునిగిన పడవలన్నిటి మీదా బయలుదేరే ముందు ఎవడో ఒకడు అన్న మాట ఇదే అయ్యుంటుంది.

ఉప్పల్‌లో ఒక స్పీకర్ల దుకాణానికి వెళ్లాను. యజమాని కోస్తా మనిషి, ప్రసాద్ గారు. మర్యాద చక్కెర పాకంలా సాగుతుంది. నన్ను మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టి, రెండు రకాల స్పీకర్లు మార్చి మార్చి మోగించాడు.

"బాబాయ్ గారూ, ఈ రెండింట్లో ఏది మీకు హాయిగా వినిపిస్తోంది? మొహమాటం లేకుండా చెప్పండి."

మొహమాటం కాదు నా బాధ. ప్రెస్ షాపులో ముప్పై ఎనిమిదేళ్లు ధనధన కొట్టుడు విన్న చెవులు నావి. సగం చెవులు ఫ్యాక్టరీకే ఇచ్చేసి వచ్చాను. నాకు రెండూ ఒకేలా వినబడ్డాయి. ఆ మాట ఒప్పుకుంటే పరువేం కావాలి? లేచి వెళ్లి, సంతలో మేకను చూసినట్టు స్పీకర్ల డొక్కలు నొక్కి చూశాను. వేలి కణుపులతో పుచ్చకాయను కొట్టినట్టు కొట్టాను. చివరికి రెండు చేతులతో ఎత్తి చూశాను.

"గిది బరువున్నది. గిదే ఇయ్యి."

"బరువును బట్టి కాదు బాబాయ్ గారూ, గదిని బట్టి, వినే పాటను బట్టి..."

"లోపల అయస్కాంతం పెద్దగుంటెనే బరువుంటది. నాకు ఎరుకనే."

ఆయన వైర్ల చుట్టలు తీశాడు. "ఇది స్వచ్ఛమైన రాగి. ఆక్సిజన్ లేని రాగి."

"ఆక్సిజన్ లేకుంటె మనిషే బతుకడు, పాటెట్ల బతుకుతది?"

"అలా కాదండీ. ఆక్సిజన్ తీసేస్తే రాగి మరింత శుభ్రంగా..."

"గీకి సూపియ్యి."

బ్లేడుతో ఆయన వైరు కొస గీకి చూపించాడు. నేను ఎండలోకి తీసుకెళ్లి చూశాను. పోచ పోచా విడదీసి లెక్కపెట్టాను. పిండి కొద్దీ రొట్టె అంటారు కదా, "రాగి కొద్దీ రాగం" అని ప్రకటించి, బొటనవేలంత లావు వైరు కోయించాను. దుకాణంలో ఉన్నవాళ్లు నన్ను పెద్ద నిపుణుడనుకున్నారు. నేనూ అనుకున్నాను.

వెళ్లబోతుంటే ప్రసాద్ గారు వెనక నుంచి అన్నాడు. "మా మనిషి వచ్చి బిగిస్తాడు బాబాయ్ గారూ. లేదంటే ఆంప్లిఫయర్ వెనకాల ఎల్, ఆర్ అని ఉంటాయి. అవి కాస్త చూసుకుని..."

నాకు చుర్రుమంది. ఎల్, ఆర్ నాకు చెబుతాడా! "నేను సదువుకున్నోన్నే," అని ఆటో ఎక్కాను. ఎల్ అంటే ఏమిటి, ఆర్ అంటే ఏమిటి అని అడిగే మహత్తర అవకాశం ఆ ఆటో పొగలో కలిసిపోయింది.

ఇంట్లో ఆంప్లిఫయర్‌ను, అదే, పాటకు బలమిచ్చే పెట్టెను, బల్ల మీద వెనక్కి తిప్పి పెట్టాను. నిజమే, రెండు అక్షరాలున్నాయి. ఒకవైపు ఎల్, ఒకవైపు ఆర్. ఒక్కోదాని కింద ఒక ఎర్ర బిగింపు, ఒక నల్ల బిగింపు. అద్దాలు సవరించుకుని ఆలోచించాను. ఎల్ నాకు బాగా తెలిసిన అక్షరం. కొత్తగా బండి నేర్చుకునేవాళ్లు ముందూ వెనకా ఎర్రగా అతికించుకుంటారే, అదే ఎల్. లెర్నింగు! మరి ఆర్? మా ఫ్యాక్టరీలో మిషన్ నడుస్తుంటే ఏమనేవాళ్లం? రన్నింగు! ఇంకేముంది, గుట్టు తేలిపోయింది. కొత్తవాళ్లు చేయి తిరిగేదాకా ఎల్‌లో పెట్టుకోవాలి, పనివాడైతే నేరుగా ఆర్‌లో పెట్టాలి. రెండు స్పీకర్ల వైర్లనూ మెలేసి, ఒకే గుంజకు రెండు గొర్రెలను కట్టినట్టు, ఆర్‌కే బిగించాను.

మా ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి తొంగి చూసింది. "రెండు వైర్లు ఒక్కకాడనే పెట్టినవ్. గా పక్కది ఖాళీ ఉన్నదేందయ్యా?"

"గది నేర్చుకునేటోళ్లకు."

"శీనును ఒక్కమాట అడుగరాదు?"

"గానికేం ఎరుక? నిన్న మొన్న పుట్టినోడు. నన్నడుగు."

రేడియో పెట్టి చూశాను. వార్తలు రెండు స్పీకర్లలోనూ ధాటిగా వచ్చాయి. వార్తలు చదివే మనిషి ఒక్కడే కాబట్టి రెండింటిలోనూ వాడే ఉంటాడని అప్పుడు నాకు తట్టలేదు.

పండగ ఆదివారం వచ్చింది. మా గేటు ముందు రోడ్డు మీద ముగ్గులేశారు, అటూ ఇటూ కుర్చీలేశారు. బల్ల మీద ఆంప్లిఫయర్, రెండువైపులా నా బరువైన స్పీకర్లు. పదహారు మంది ఆకుపచ్చ చీరల్లో, చేతుల్లో కర్రలతో, లోపల ఎనిమిది, బయట ఎనిమిది. మా ఆవిడ బయటి వరసలో. సత్తెమ్మ ముందు కుర్చీలో, పట్టుచీరలో. డప్పు లేదు, తాళం లేదు, కర్రల చప్పుడే తాళం. శీను తెచ్చిన పెన్‌డ్రైవ్ పెట్టి నేనే మీట నొక్కాను.

"కోడికన్న ముందు లేచేది ఎవ్వరే కోలో?"

సత్తెమ్మ గొంతు రెండు స్పీకర్లలోంచీ ఖంగుమంది. లోపలి వరస గిర్రున తిరిగింది, కర్రలెత్తింది. ఇప్పుడు జవాబు రావాలి.

నిశ్శబ్దం.

జవాబు వస్తే కదలాల్సిన బయటి వరస గుడి ముందు రాతి బొమ్మల్లా నిలబడింది. ఎత్తిన కర్రలు దిగక తప్పుతుందా? దిగాయి. ఎదుటివాళ్ల కర్రల మీద కాదు, వేళ్ల మీద.

"అవ్వా! నా ఏలు!"

"జరుగవేందే!"

"పాట రాంది ఎట్ల జరగాలె?"

ఈలోగా పెట్టెలో సత్తెమ్మ రెండో ప్రశ్న అడిగింది. "నాచారం బస్సెంట ఉరికేది ఎవ్వరే కోలో?" మళ్లీ నిశ్శబ్దం. మళ్లీ టపటపా. ఈసారి బయటివాళ్లు ఊరుకోలేదు, అరువు తిరిగిచ్చారు. కుర్చీల్లోని మగవాళ్లు ఇది కొత్త రకం కోలాటం కాబోలని చప్పట్లు కొట్టారు.

సత్తెమ్మ మాత్రం వెలిగిపోతోంది. "రెండు డబ్బాలల్ల నేనే వస్తున్న! సూసినవా అన్నా?"

చూశాను. అంతకన్నా ముందు మా ఆవిడ ముఖం చూశాను. వేళ్లకు దెబ్బ తగిలి కాదు అది వాడిపోయింది. ఆవిడ కర్రలు కింద పడేసి నేరుగా శీను మీదికి నడిచింది.

"కన్నతల్లి గొంతు ఉంచుకొని అత్త గొంతు కోసినవారా?"

"అయ్యో అత్తా, నేనెందుకు కోస్త! రికార్డుల ఉన్నది నీ గొంతు, నా మీద ఒట్టు!" వాడు పరుగున ఆంప్లిఫయర్ వెనక్కి వెళ్లి, ఒక్క క్షణం వంగి చూసి, అక్కడి నుంచే అరిచాడు. "మామా! ఎల్‌ల ఏం లేదేంది? రెండు ఆర్‌లనే పెట్టినవ్?"

వందమంది నా వైపు తిరిగారు. నేను గొంతు సవరించుకుని, తెలియనివాళ్లకు చెప్పే ఓపికతో చెప్పాను. "ఎల్ అంటే లెర్నింగురా. ఆర్ అంటే రన్నింగు."

ఆ తరువాత లేచిన నవ్వుకు నా ఫ్యాక్టరీ చెవులు కూడా గింగురుమన్నాయి. "మామా, ఎల్ అంటే లెఫ్టు, ఎడమ. ఆర్ అంటే రైటు, కుడి. అత్త గొంతు మొత్తం ఎడమల ఉన్నది. ఆగు, ఒక్క నిమిషంల మారుస్త," అని శీను వైరు మీద చెయ్యి వేశాడు.

"ముట్టకు," అంది మా ఆవిడ. "మొదటి నుంచి పెట్టు. సప్పుడు జర తగ్గించు."

కొంగు నడుముకు బిగించి వలయం మధ్యలో నిలబడింది. పెట్టెలో సత్తెమ్మ మళ్లీ అడిగింది. "కోడికన్న ముందు లేచేది ఎవ్వరే కోలో?"

మా ఆవిడ గొంతెత్తింది. "కోడినే లేపేటి ఈశ్వరమ్మనే కోలో!"

బయటి వరస ఝల్లుమని కదిలింది. కర్రలకు కర్రలు తగిలాయి.

"నాచారం బస్సెంట ఉరికేది ఎవ్వరే కోలో?"

"ఎక్కిన బస్సు దిగరాని అంబర్‌పేట వదినెనే కోలో!"

జనం ఈలలేశారు. కుర్చీలోని సత్తెమ్మ "ఏందే గట్లంటవ్!" అని లేచి నిలబడింది గానీ ఏం లాభం? పెట్టెలోని సత్తెమ్మ ఆమె మాట వినదు, తన తరువాతి ప్రశ్న తాను అడుగుతూనే ఉంటుంది. ముప్పై ఏళ్లలో మొదటిసారి వదిన గొంతు మరదలి ముందు కట్టేసిన మేకైంది.

"ఇంట్ల అందరికన్న తెలివి ఎవ్వరికే కోలో?"

మా ఆవిడ ఇటు తిరిగింది. నా వైపు చూసింది. నేను ఆకాశం వైపు చూశాను.

"వైరు తప్పు పెట్టినోని పెండ్లానికే కోలో!"

కర్రలన్నీ ఒక్కసారిగా మోగాయి. ఆ సాయంత్రం ఆమె గొంతు మా కాలనీకే కాదు, మెయిన్ రోడ్డు మీద పోయే బస్సులకు కూడా వినబడింది. చివరికి సత్తెమ్మే వచ్చి, మరదలి చేతి వేళ్లకు పసుపు రాస్తూ, "గింత గొంతు యాడ దాసినవే ఇన్నొద్దులు?" అంది. "నువ్వు ఊకున్నవా ఎన్నడన్న?" అంది మా ఆవిడ.

తెల్లారి శీను వచ్చి వైరు సరిగ్గా బిగించి వెళ్లాడు. అసలు పాట మొదటిసారి నిండుగా విన్నాను. కుడి డబ్బాలో సత్తెమ్మ అడిగింది, ఇంట్లో అందరికన్నా తెలివి ఎవరికని. ఎడమ డబ్బాలోంచి మా ఆవిడ గొంతు మెత్తగా, కొత్త పెళ్లికూతురిలా జవాబు చెప్పింది.

"మా ఇంటాయనకే కోలో."

మళ్లీ పెట్టుకుని విన్నాను. నలభై ఏళ్ల కాపురంలో ఆమె నన్ను మెచ్చుకున్న మాట ఇదొక్కటే. నూరుమంది ముందు మోగవలసిన మాట. దాన్ని స్వచ్ఛమైన రాగితో, స్వహస్తాలతో నొక్కేసినవాణ్ణి నేనే.

"ఏందే, గిది నిజంగనే అన్నవా?" అని అడిగాను.

మా ఆవిడ బియ్యం ఏరుతూ తలెత్తకుండానే చెప్పింది. "అన్న. గప్పటికి నువ్వింక వైర్లు పెట్టలే."

కనుక ఉప్పల్ మొదలు నాచారం దాకా ఉన్న సమస్త జనుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఏ పెట్టె వెనక ఏ అక్షరం కనబడినా దానికి నా సొంత అర్థం చెప్పను. పక్కవాణ్ణి అడుగుతాను. సిగ్గేస్తే కళ్లు మూసుకుని అడుగుతాను. ఒకవేళ ఖర్మ కాలి మళ్లీ తప్పే చేయవలసి వస్తే, ముందు పాట మొత్తం విని, అందులో నాకేమైనా పొగడ్త ఉందేమో చూసుకుని, ఆ తరువాతే చేస్తాను.