చేతిలోకి వచ్చిన జడ

నిజాం రాజ్యం పోయిన కొత్తలు. ఖాజాగూడలో మా ఇంట్లో నాకు పెళ్లిచూపులు. అంతకుముందే విషజ్వరం వచ్చి నా జుట్టు సగానికి పైగా ఊడిపోతే, అమ్మ ఒక్క వెంట్రుకా పారేయకుండా దాచి, దానితోనే సవరం కట్టించింది. ఆ రోజు అది పెట్టి నడుము దాటేలా జడ వేసింది.

పెళ్లికొడుకు తల్లి నా వెనక కూర్చుని, "జుట్టు నీదేనా బిడ్డా?" అనడిగింది.

"నాదేనమ్మా" అన్నాను.

నమ్మకం కుదరలేదేమో, జడ పట్టుకుని లాగింది. సవరం మొత్తం ఆమె చేతిలోకి వచ్చేసింది. అమ్మ మొహం పాలిపోయింది.

"నీదంటివి గదా, మరి గిదేంది?"

"అదీ నాదే. జెరమొచ్చి ఊడితే మా అమ్మ దాచిపెట్టింది" అన్నాను.

ఆమె సవరాన్ని కాసేపు నిమిరి, పకపకా నవ్వింది. తన కొప్పు విప్పి, అందులోని సవరం తీసి నా ఒళ్లో పెట్టింది.

"నీదే జర నయం. గిది మా ఆడిబిడ్డ జుట్టు. ఇగ లగ్గం పెట్టుకుందాం."

ఇప్పుడు నా తల ముగ్గుబుట్ట. పెట్టెలోని సవరం మాత్రం నల్లగా నిగనిగలాడుతోంది. "నీ అసలు జుట్టు ఎట్లుండేది నానమ్మా?" అని మనవరాలు అడిగితే, పెట్టె తెరిచి చూపిస్తాను.