చొప్పదండిల నేను, ఆదిలాబాద్‌ల ఆయన

మా పెండ్లయిన మూడో నెలల నాకు చొప్పదండి దవాఖానల నర్సు కొలువు దొరికింది. కరీంనగర్‌ల కాన్పులు చేసే పని నేర్చుకొని, ఆ కొలువు కోసం ఏడాది ఎదురుచూసిన. మా ఆయన అప్పటికే ఆదిలాబాద్‌ల ముసాఫిర్ బంగ్లల ఖాన్సామ. సర్కారు పని మీద ఊరికొచ్చే సాబులు దిగేది ఆ బంగ్లల్నే. వాళ్లకు వండిపెట్టేది, పక్కలేసేది, తాళాలు చూసుకునేది అన్నీ ఆయనే. ఏ సాబు ఎప్పుడు జీపు దిగుతడో ఎరుక లేదు, అందుకని బంగ్ల ఎనుక అర్రల ఆయన ఉండాలె. ఏ తల్లికి ఎప్పుడు నొప్పులొస్తయో ఎరుక లేదు, అందుకని దవాఖాన పక్క అర్రల నేనుండాలె.

నిజాం రాజ్యం పోయి అప్పటికి నాలుగైదేండ్లు. మొగనికి, పెండ్లానికి ఇద్దరికీ సర్కారు కొలువంటె మా దిక్కు వింతనే. చుట్టాలందరు సంబురపడ్డరు. మా అత్త ఒక్కతే నా పెట్టె సదురుకుంట అడిగింది: "కొలువులు బాగనే ఉన్నయి బిడ్డా. మరి కాపురం ఏడ చేస్తరు?"

"రెండు దిక్కుల చేస్తం అవ్వా," అన్నడు మా ఆయన నవ్వుకుంట.

"రెండు దిక్కుల పొయ్యి వెడితె రెండు దిక్కుల కట్టెలు కావాలె కొడుకా," అన్నది ఆమె. నవ్వలే.

ఆదిలాబాద్‌ల పొద్దుగాల బస్సెక్కితె, నిర్మల్‌ల ఒకటి, జగిత్యాలల ఒకటి, కరీంనగర్‌ల ఒకటి మారి, చొప్పదండిల దిగేసరికి దీపాలు పెట్టే యాల్ల అయ్యేది. నెలకు, రెండు నెలలకు ఒకసారి దొరికే మూడు దినాల ఛుట్టీల రెండు దినాలు తొవ్వకే పోయేది. అయినా ఆయన వచ్చెటోడు. బట్టల మూటల జొన్నరొట్టెలు, పచ్చిమిరపకాయ, ఎల్లిపాయ కచ్చాపచ్చగ దంచిన ఠేచా తెచ్చెటోడు. ఆ ఠేచా ఆదిలాబాద్ మరాఠోళ్ల దగ్గర నేర్చుకున్నడు. వచ్చినోడు కాళ్లు కడుక్కొని ఊకుంటడా? నా వంటిల్లు చూసి నెత్తి కొట్టుకునెటోడు.

"ఏందే ఇది? ఉప్పు చక్కెర డబ్బల, పసుపు మందుసీసల?"

"నాకు దొరుకుతదయ్యా."

"వంటిల్లంటె చీకట్ల చెయ్యి పెట్టినా దొరకాలె," అని అన్నీ తీసి తుడిచి, తన పద్ధతిల పెట్టెటోడు. ఆయన పోయినంక వారం దాక నాకు ఉప్పు దొరికేది కాదు. ఉప్పు కోసం ఎతుక్కుంటున్నప్పుడల్లా ఆయన యాదికొచ్చెటోడు.

నేను ఆదిలాబాద్ పోయేది తక్కువ. పోయినప్పుడు మాత్రం పత్తి బండ్ల మధ్యలకెళ్లి నడుచుకుంట, జిన్నింగు మిల్లుల చప్పుడు వినుకుంట బంగ్లకు చేరేసరికి నెత్తి మీద దూది పింజలు తేలుతుండె. ఆయన గుమ్మంల నిలబెట్టి ఒక్కొక్కటి ఏరెటోడు. పక్కింటి మరాఠామె చూసి "వహినీ ఆలీ" అని కేకేసేది, వదినె వచ్చింది అని. సాబులు లేనప్పుడు బంగ్ల పెద్ద వరండల ఇద్దరం కూసుండి చాయ తాగేది. ఎవరన్న వస్తరేమో అని ఆయనకు ఒక చెవు ఎప్పుడూ తొవ్వ మీదనే ఉంటుండె.

ఉత్తరాల సంగతి చెప్పాలె. ఆయన చదివింది ఉర్దూ బడి, ఆ కాలంల బడంటె అదే. నేను మా మేనమామ దగ్గర తెలుగు నేర్చుకున్న. ఆయన రాసేది నాకు రాదు, నేను రాసేది ఆయనకు రాదు. నా ఉత్తరం అక్కడ ఒక బడిపంతులు చదివి వినిపిచ్చెటోడు. ఆయన ఉత్తరం వస్తె నేను టపాఖానల మున్షీ సాబు దగ్గరికి పోయేది. తెల్లగడ్డం పెద్దమనిషి, నన్ను బేటీ అని పిలుస్తుండె.

ఒకసారి చదువుతున్నడు. "ఇక్కడ అంత ఖైరియత్. వానలు మంచిగ పడ్డయి. నా ఫికర్ పెట్టుకోకు..." అని, ఆగి, దగ్గి, కాయితం మలిచిండు.

"ఏమైంది చాచా?"

"ఇగ రెండు లైన్లున్నయి బేటీ. గవి నేను చదువ. నీ మొగడు వచ్చినప్పుడు ఆయన నోటితోనే చదివించుకో."

టపాఖానల ఉన్నోళ్లందరు నవ్విండ్రు. నేను సిగ్గుతోని ఇంటికి ఉరికి వచ్చి, ఆ రెండు లైన్లు అటు తిప్పి, ఇటు తిప్పి చూసిన. ఒక్క ముక్క అర్థమైతె ఒట్టు. వచ్చే నెల ఆయన మూట దించకముందే కాయితం ముందట పెట్టిన.

"ఏం రాసినవయ్యా?"

"ఏం లేదే. వంట సంగతి."

"వంట సంగతయితె చాచా ఎందుకు దగ్గిండు?"

చెవులు ఎర్రగైనయి. గోడ దిక్కు చూసుకుంట చదివిండు: "నలుగురు సాబులు తిని శెభాష్ అన్నరు. నువ్వు తినంది నాకు వండినట్టే లేదు. పక్కల నీ దిక్కు ఖాళీగ ఉంటె నిద్ర వస్తలేదు."

మల్ల ఇట్ల కావొద్దని ఆయన తెలుగు నేర్వడం పట్టిండు. ఆ బడిపంతులే గురువు. నాలుగు నెలలకు నాకొక కార్డు వచ్చింది. దాని మీద ఒకటే మాట, పిల్లలు పలక మీద దిద్దినట్టు పెద్ద అక్షరాలు: "తినవా?" తిన్నవా అని అడగబోయి వత్తు మరిచిండు. "తింట. వత్తు పెట్టుడు నేర్చుకో" అని నేను జవాబు రాసిన.

మాకు పిల్లలు కాలే. ఊర్ల పిల్లలందరు నా చేతుల మీదికెళ్లి వచ్చినోళ్లే కాబట్టి ఇల్లు ఎన్నడూ సప్పుడు లేకుంట లేదు. కాని ఒక్కోసారి ఎవరి బిడ్డకో బొడ్డు కోసి వచ్చి, చేతులు కడుక్కుంట, ఈ మాట చెప్పుకుందామంటె మనిషి నూరు మైళ్లకు అవతల ఉండెనాయె అనిపిచ్చేది.

ఏడో ఏడు వానకాలంల నాకు జరం పట్టుకుంది. మూడు దినాలు మామూలు జరమే అనుకొని పనిచేసిన. నాలుగో దినం లేవలే. వారానికి రెండుసార్లు కరీంనగర్ నుంచి వచ్చే డాక్టరు చూసి, టైఫాయిడ్ అన్నడు, మంచం దిగొద్దన్నడు. కంపౌండరు నాకు చెప్పకుంట జల్ది రమ్మని మా ఆయనకు తార్ కొట్టిండు.

అక్కడ జరిగింది నాకు ఎన్కకు తెలిసింది. తెల్లారితె పెద్ద ఇంజనీరు సాబు బంగ్లకు వస్తున్నడట. ఛుట్టీ అడిగితె "సాబు పోయినంక పో" అన్నడట పెద్ద గుమాస్తా. "సాబుకు వండెటోళ్లు ఊర్ల మస్తుమంది ఉన్నరు. నా పెండ్లానికి నేనొక్కన్నే" అని తాళపుచెవుల గుత్తి గుమాస్తా మేజా మీద పెట్టి, కట్టుబట్టలతోని బస్సెక్కిండు.

నేను కండ్లు తెరిచేసరికి మా ఆయన జావ కలుపుతుండు.

"ఛుట్టీ ఇచ్చిండ్రా?"

"ఆఁ, ఇచ్చిండ్రు. మూతి తెరువు," అన్నడు.

ఇరువై ఒక్క దినాలు ఉన్నడు. నీళ్లు కాచి చల్లార్చి తాపెటోడు, నా జుట్టుకు చిక్కు తీసి జడేసెటోడు. జడ మాత్రం తాడు పేనినట్టు ఉంటుండె.

పదో దినం పొద్దుగాల బీడీలు చేసే ఇంటి కోడల్ని నొప్పులతోని బండిల తెచ్చిండ్రు. తొలిచూలు. డాక్టరు వచ్చే దినం కాదు. నాకు కూసుండ శాతగాదు. ఊర్ల ముసలి మంత్రసాని ఒకామె ఉండె. కొడవలితోని బొడ్డు కోస్తుందని ఏడేండ్ల సంది ఆమెతోని నాకు లడాయి, మాటల్లేవు. మా ఆయన నన్ను అడగకుంటనే పోయి ఆమెను తోలుకొచ్చిండు. కాన్పు అర్రకు, నా అర్రకు నడుమ ఒకటే గోడ, గోడకు చిన్న కిటికి. ఆయన మా ఇద్దరి నడుమ, ఆ కిటికి కాడ, కాన్పు అర్రకు వీపు పెట్టి నిలబడ్డడు.

"కాళ్లు ముందట వస్తున్నయని చెప్పు మీ ఆమెకు!" అని అరిచింది ముసలామె.

"కాళ్లు ముందటొస్తున్నయట!"

నా జరం యాడికి పోయిందో. "గుంజొద్దను! బొడ్డు కనవడేదాక ముట్టద్దను. చేతులు కడుక్కున్నదా?"

"సబ్బుతోని మూడుసార్లు కడిగిపిచ్చిన!"

"వెచ్చటి బట్ట చుట్టుమను. తల్లిని ముక్కుమను. గుంజొద్దను!"

"గుంజుతలేను తియ్యి! నాకు సుత ఎరుకే!" అని అటునుంచి తిట్టింది ఆమె. మా ఆయన కండ్లు మూసుకొని చేతులు జోడిచ్చిండు. ఆ ఎన్క పిల్ల ఏడ్చింది. అంత పెద్దమనిషి, కిటికి ఊచ పట్టుకొని ఆయన గూడ ఏడ్చిండు.

ముసలామె చేతులు తుడుచుకుంట నా మంచం దగ్గరికి వచ్చి కూసున్నది. "ఆడపిల్ల. బాగున్నది. నీ మొగడు మంచోడే గని, సంపుకతింటడు, కడుగు కడుగు అని," అన్నది. ఆ దినం సంది మేం మాట్లాడుకున్నం. కొడవలి గూడ పోయింది, నా కత్తెర అడుగుతుండె.

నేను లేచి నడిచినంక మా ఆయన ఆదిలాబాద్ పోయిండు. పోయేముందు నిజం చెప్పిండు. కొలువు ఊడుతదని నేను పరేషాన్ అయిన. పదిహేను దినాలకు కార్డు వచ్చింది. ఈసారి వత్తులన్నీ సక్కగున్నయి: "నన్ను శిక్షించిండ్రు. సంబురపడు."

శిక్షేందంటె, పెద్ద ఊర్ల బంగ్ల నుంచి తీసి, లక్సెట్టిపేట దిక్కు గోదావరి ఒడ్డున ఏడాదికి నలుగురు సాబులు గూడ దిగని చిన్న బంగ్లకు తోలిండ్రు. మనిషి జాడ లేని కాడ ఉంటె బుద్ధొస్తదని వాళ్ల లెక్క. నాకేమో ధర్మపురి దాక ఒక బస్సు, అక్కడికెళ్లి ఒక పడవ, అంతే. సగం దినం తొవ్వ. వానలకు గోదారి నిండుగ వచ్చిన నెలలు తప్ప, ఐతారం వచ్చిందంటె ఏదో ఒక ఒడ్డున కలిసేది. నాలుగేండ్లు అట్ల గడిచినయి. మా కాపురంల అవి మంచి ఏండ్లు.

ఆ తర్వాత ఆయనను మల్ల ఆదిలాబాద్‌కు రమ్మని హుకుం వచ్చింది. ఈసారి శిక్ష కాదు, ఇజ్జత్. ఆయన ఆ కాయితం రెండుసార్లు చదివి, రాజీనామా రాసి ఇచ్చిండు.

"సర్కారు కొలువయ్యా, ఎవలన్న ఇడుస్తరా?" అన్న నేను.

"సాబులకు వండింది సాలు. ఇగ ఊరోళ్లకు వండుత."

చొప్పదండిల బస్సులాగే కాడ నాలుగు బల్లలేసి హోటలు పెట్టిండు. అట్ల పదకొండేండ్లకు ఒకే కప్పు కింద పడ్డం. పడ్డ నెలకే మొదటి లడాయి. అంతకుముందు మేం ఎన్నడూ లడాయి పెట్టుకోలే. ఉన్న రెండు దినాలను ఎవలు పాడుచేసుకుంటరు? ఇప్పుడు అన్నిటికీ పెట్టుకున్నం. ఆయన తెల్లారకముందే లేచి గిన్నెలు కొడతడని నేను, నేను తింటున్న కంచం ఇడిచి కాన్పుకు ఉరుకుతనని ఆయన. అన్నిటికంటె పెద్దది బర్రె లడాయి. హోటలుకు పాలు కావాలని నన్ను అడగకుంట ఒక బర్రెను కొని తెచ్చి, దవాఖాన ఎనుక కట్టేసిండు.

"కాన్పులైన తల్లులున్న కాడ పేడ, ఈగలు! నీకు జర బుద్ధున్నదా?"

"నాకు బుద్ధుంటె సర్కారు కొలువు ఇడిచి వస్తనా?"

రెండు దినాలు మాటల్లేవు. మూడో దినం మధ్యాహ్నం బర్రె తాడు తెంపుకొని పోయింది. ఆయన హోటలు మూసి ఒక దిక్కు పోయిండు. నేను ఆయనకు చెప్పకుంట ఇంకో దిక్కు పోయిన. మడికట్ల పొంటి, చెలకల పొంటి తిరిగి తిరిగి, పొద్దు వాలుతుండంగ వాగు కాడికి వస్తె, అవతలి ఒడ్డున మా ఆయన. దోతి మోకాళ్ల దాక చెక్కుకొని, ముల్లు గుచ్చుకున్న కాలు పట్టుకొని రాయి మీద కూసున్నడు.

"బర్రె దొరికిందా?" అని అరిచిన.

"లేదు. నువ్వెందుకు వచ్చినవు?"

"నా బర్రె కాదా మరి?"

ఆయన మొకం చూడాలె అప్పుడు. నేను వాగు దాటి పోయి, నా గాజుల పిన్నీసు తీసి ముల్లు తీసిన. నా భుజం పట్టుకొని కుంటుకుంట నడిచిండు. తొవ్వ పొంటి, బర్రెను ఏడ కడితె ఈగలు రావో మాట్లాడుకుంట వచ్చినం. ఇంటికొచ్చి చూస్తె, బర్రె మాకంటె ముందే వచ్చి, గడ్డివాము పక్కన పండుకొని నెమరేస్తుంది.