బూట్లు లోపల, అత్తయ్య బయట

మా మేనత్త పదహారేళ్ళు కళ్ళజోళ్ళ దుకాణం వెనక గదిలో అద్దాలు అరగదీసింది. ముందు గదిలో డాక్టరుగారు చీటీ రాసిస్తారు. వెనక గదిలో మిషను ముందు నిలబడి, చీటీలో ఉన్న పవరుకు తగ్గట్టు అద్దం తయారు చెయ్యడం ఆమె పని. ఊళ్ళో సగం మందికి దారి కనబడుతున్నదంటే ఆమె చలవే. ఆ సగం మందిలో ఒక్కరికీ ఆమె ముఖం తెలియదు. నాకు ఇది ఒళ్ళు మండే సంగతి, ఆమెకు మాత్రం కాదు.

నలభై నాలుగో ఏట ఆమెకు విదేశంలో, కళ్ళద్దాల తయారీలో ఏడాది కోర్సుకు సీటు వచ్చింది. నలభై అయిదు నిండితే ఆ కోర్సులోకి తీసుకోరు. అంటే ఇది తప్పితే ఇంక లేనట్టే. "ఈ వయసులో పలకా బలపం పట్టుకుని పోతావా అక్కా?" అని మా నాన్న ఒంటికాలి మీద లేచాడు. ఆమె తమ్ముడి మాట చెవిన పెట్టకుండా పెట్టె సర్దుకుంది.

సోమవారం సాయంత్రం అక్కడ దిగింది. బుధవారం నాలుగు గంటల్లోగా కాలేజీకి స్వయంగా వెళ్ళి రిజిస్టరులో సంతకం పెట్టకపోతే సీటు రద్దు. రెండు రోజులున్నాయి కదా అని మేమంతా ధీమాగా ఉన్నాం. చెప్పులూ బట్టలూ ఉన్న పెట్టె మాత్రం విమానం వాళ్ళ దగ్గరే ఉండిపోయింది. దుకాణంలో పనికి వేసుకునే పాత బూట్లు కాళ్ళకుండబట్టి అవి మిగిలాయి.

ఆ రాత్రి వాటిని హాస్టలు గది బయట, తలుపు పక్కన బుద్ధిగా జతచేసి పెట్టి లోపలికి వెళ్ళి పడుకుంది. పడుకునే గదిలోకి కాళ్ళకున్నవాటితో వెళ్ళడం ఆమె జన్మలో ఎరగదు. తెల్లారి చూస్తే బూట్లు లేవు. దొంగలు పడ్డారని గోల పెట్టబోతే పక్కగది పొడుగమ్మాయి ఆపి సంగతి చెప్పింది. వరండాలో ఏ వస్తువు కనబడినా, నిప్పంటుకున్నప్పుడు పరుగెత్తేవాళ్ళకు అడ్డమని హాస్టలు వాళ్ళు పట్టుకుపోతారట. కాలేజీ పెద్ద భవనంలో, దొరికిన వస్తువులు దాచే గదికి చేరుస్తారట. సంతకం పెట్టాల్సిన ఆఫీసు కూడా ఆ భవనంలోనే, పై అంతస్తులో ఉంది. ఒక్క తిరుగుడులో రెండు పనులూ అయిపోతాయనుకుని అత్తయ్య మేజోళ్ళతోనే బయలుదేరింది.

గుమ్మం దగ్గర గార్డు ఆపాడు. లోపల గాజు పని జరుగుతుంది, పెంకులు గుచ్చుకుంటాయి, బూట్లు లేనివాళ్ళను పంపకూడదన్నాడు. నా బూట్లు లోపలే ఉన్నాయి బాబూ అని అత్తయ్య చెప్పుకుంది.

"అలాగా, అయితే ఇబ్బందే లేదు," అన్నాడతను ఎంతో మర్యాదగా. "అవి వేసుకుని రండి. లోపలికి వెళ్ళి తీసుకోవచ్చు."

పాపం, చెడ్డవాడేమీ కాదు. కుర్చీ వేశాడు, మంచినీళ్ళిచ్చాడు, వస్తువులు దాచే గది గుమాస్తాకు తనే ఫోను చేశాడు. గుమాస్తా ఇంకా మంచివాడు. మీరు రాలేకపోతే మీ విద్యార్థి నంబరు వేసి చీటీ రాసి ఎవరినైనా పంపండి అన్నాడు. నంబరు రావాలంటే పైకి వెళ్ళి సంతకం పెట్టాలి. పైకి వెళ్ళాలంటే బూట్లుండాలి. కొత్తవి కొనుక్కో అత్తా అని నేను ఫోనులో అరిస్తే, ఆమె డబ్బంతా ఉన్న కాలేజీ కార్డు కూడా నంబరు వచ్చాకే పనిచేస్తుందట. అలా అత్తయ్య, గార్డు, ఫోనులో గుమాస్తా, ముగ్గురూ ఒకరికొకరు సాయం చేసుకుంటూ సాయంత్రం దాకా ఎక్కడివాళ్ళక్కడే ఉన్నారు. వింటున్న నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

బుధవారం పొడుగమ్మాయి క్లాసు ముగిసేసరికి మూడయింది. రాగానే తన బూట్లు విప్పి ఇచ్చింది. అత్తయ్య పాదాలు వాటిలో ఎక్కడున్నాయో వెతుక్కోవాలి. వేళ్ళ దగ్గర పాత పేపర్లు కుక్కుకుని, ఈడ్చుకుంటూ మూడున్నరకు గుమ్మం దాటింది. గార్డు లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు.

పై అంతస్తులో ఆఫీసు తలుపు తీసి ఉంది. లోపల బల్ల మీద పెద్ద రిజిస్టరు తెరిచి ఉంది. ఎంతైనా చదువుల పుస్తకం, దాని ముందుకు బూట్లతో వెళ్ళడమా? బుర్ర ఆలోచించేలోపే కాళ్ళు వాటిని గుమ్మం బయట విడిచేశాయి. ఈ ముక్క దగ్గర నేను నెత్తి కొట్టుకున్నాను.

రిజిస్టరావిడ కాగితాలన్నీ చూసింది, నవ్వింది, పెన్ను అందించబోతూ బల్ల కిందకు చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది. బూట్లు లేనివాళ్ళు భవనంలోకి రాలేరు. అందుచేత, నియమం ప్రకారం, అత్తయ్య భవనంలో లేదు. లేని మనిషి చేత సంతకం ఎలా పెట్టించడం? అత్తయ్య గుమ్మం దగ్గరికి పరుగెత్తింది. పొడుగమ్మాయి బూట్లూ లేవు. అదీ వరండాయే కదా, అప్పుడే ఎవరో పట్టుకుపోయారు. నాలుగు కావడానికి పది నిమిషాలే ఉన్నాయి.

అత్తయ్యకు అప్పుడు తట్టింది, నియమం సంగతెలా ఉన్నా తను ఉన్నది లోపలే కదా అని. మెట్లన్నీ మేజోళ్ళతోనే దిగింది. గుమాస్తా గుర్తులు చెప్పమన్నాడు. నల్లవంటే చాలదు, అరలో నల్లవే ఇరవై జతలున్నాయి.

"ఎడమ మడమ బయటివైపు రెండు మిల్లీమీటర్లు అరిగి ఉంటుంది," అంది అత్తయ్య. "మిషను దగ్గర బరువంతా ఆ కాలి మీదే వేస్తాను."

గుమాస్తా స్కేలు తెచ్చి కొలిచాడు. సరిగ్గా రెండే. పొడుగమ్మాయి వాటికి గుర్తులు తరవాత చెబుతానని, తనవి వేసుకుని ఆయాసపడుతూ పైకెక్కింది. ఇంకా ఒక్క నిమిషముంది. కాళ్ళకు బూట్లుండగా పుస్తకం మీద చెయ్యి వెయ్యడానికి ప్రాణం ఒప్పలేదట. ఎలాగో సంతకం పెట్టింది. పెట్టాక మనసు ఊరుకోక, వంగి ఆ పేజీని రెండు కళ్ళకూ అద్దుకుంది. రిజిస్టరావిడ జాలిగా చూసి, ఆమె పేరు పక్కన ఏదో రాసుకుంది.

మర్నాడు క్లాసుకు వెళితే ముందు బెంచీ నడిమధ్యన అత్తయ్య పేరుతో కాగితం అతికించి ఉంది. ఈమెకు చూపు బాగా తక్కువ, ముఖానికి ఆనించుకుంటే తప్ప అక్షరం కనబడదు, బోర్డుకు దగ్గరగా కూర్చోబెట్టాలి అని. పదహారేళ్ళు ఊరికి చూపు దిద్దిన మనిషికి! వెంటనే వెళ్ళి సరిచేయించమని ఫోనులో కేకలేశాను.

"ఎందుకే?" అంది. "బళ్ళో చదివేటప్పుడు మీ నాన్నకి తినిపించి, మొహం కడిగి, పక్కింట్లో దింపి వెళ్ళేసరికి రోజూ ఆలస్యమైపోయేది. వెనక బెంచీలోనే చోటుండేది. బోర్డు మీద ఏం రాశారో ఒక్కనాడూ సరిగ్గా చూసింది లేదు. ఇవాళ మొత్తం కనబడింది."

ఫోను స్పీకరులో ఉంది. నాన్న నా పక్కనే కూర్చుని ఉన్నాడు. నా చేతిలోంచి ఫోను తీసుకున్నాడు.

"అక్కా, పొద్దున్నే ఏమైనా తినే వెళ్తున్నావా?" అని అడిగాడు.