సామ్యేలు సైకిల్ వైజాగ్ చేరలేదు

నిన్న పొద్దున్న కుళాయి కింద బిందె సగం నిండేసరికి వైజాగ్ నుంచి మా మేనల్లుడు కిరణ్ ఫోన్ చేసేడు.

"అత్తా, నాన్న నిద్దర్లోనే పోయేరు."

ఏడవాలి కదా.
నా నోటంట "మరి సైకిలో?" అని వచ్చింది.

బిందె పొర్లిపోతంది.

నాకు చదువు రాదు. నేను చెప్తంటే మా కోడలు సునీత ఈ పోస్ట్ రాస్తంది. ఒక్క మాట మార్చినా ఊరుకోనని ముందే చెప్పేను. మన ఫ్యామిలీ వాళ్ళూ, చర్చి వాళ్ళూ, చోడవరంలో సామ్యేల్ని ఎరిగినోళ్ళూ అందరూ చదవండి.

సామ్యేలు నా తమ్ముడు. పశువుల ఆస్పత్రిలో కాంపౌండరు చేసేడు. వడ్డాది, రావికమతం, ఆ పక్కల ఏ ఆవుకి కష్టమొచ్చినా సైకిల్ మీదే వెళ్ళేవోడు.

ఓ వానాకాలం, తల్లి చచ్చిపోయిన దూడని గోనెసంచిలో చుట్టి, ముందు కడ్డీ మీద అడ్డంగా పెట్టుకుని మా ఇంటికి తెచ్చీసేడు.
"అప్పా, నీ గేదె పాలు దీనికి పట్టించు."
గేదె ఊరుకుంటాదా? నన్నొక్క తన్ను తన్నింది. వీడు గుమ్మంలో కూర్చుని పడీ పడీ నవ్వేడు.

ఆ దూడ బతికింది. నాలుగు ఈతలు ఈనింది.

రిటైరయ్యేక మోకాళ్ళు పోయేయి. పది అడుగులేస్తే గోడ పట్టుకునేవోడు. సైకిలెక్కితే మాత్రం కుర్రోడే. ఎడమ మోకాలు పూర్తిగా వంగదని మన ఊరి సైకిల్ మెకానిక్ ఆ పక్క పెడల్ రాడ్డు కోసి, పొట్టిగా వెల్డింగ్ చేసి ఇచ్చేడు. అలాంటిది ఏ షాపులోనూ దొరకదు. అందుకే కొడుకు కొత్త సైకిల్ కొంటానంటే వద్దన్నాడు.

మా మరదలు పోయేక కిరణ్ వాడిని వైజాగ్ ఫ్లాట్‌కి తీసుకెళ్ళేడు. మంచి కొడుకే, కాదన్ను. కారు సెడాన్. సైకిల్ లోపల పట్టదు.
"కారుకి సైకిల్ కట్టే క్యారియర్ కొని, వచ్చే వారం పట్టుకెళ్తాను నాన్నా" అన్నాడు. సైకిల్ మా వరండాలో పెట్టేరు.

ఆ వచ్చే వారం రావడానికి ఏడు నెలలు పట్టింది.

వచ్చినప్పుడల్లా ఫోన్లో బొమ్మలు చూపించేవోడు. టాపు మీద బిగించేది ఒకటంట. అది పెడితే అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో స్లాబుకి తగుల్తాదంట. వెనక హుక్కుకి బిగించేది ఇంకోటంట. నంబర్ ప్లేటు కనపడక పోలీసు ఆపుతాడంట. డిక్కీకి బెల్టులతో కట్టేది మూడోది. దానికి పెయింట్ గీసుకుపోతాదంట. రివ్యూలు చదవాలంట.

ఒరే, పిల్లకి సంబంధం చూడ్డానికి కూడా మేం ఇన్ని నెలలు తీసుకోలేదు.

"టాపు మీద గోనెసంచులు పరిచి తాడుతో కట్టీరా" అన్నాను.
"అత్తా, ఇది సెడాన్. జీపు కాదు."
"ఏదైతే ఏటిరా, దానికి నెత్తి లేదేటి?"
నవ్వి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

అక్కడ డాక్టరు సామ్యేల్ని రోజూ నడవమన్నాడు. నడవలేనోడు నడవడమేటి? సోఫాలో కూర్చున్నాడు. షుగర్ పెరిగింది. కాళ్ళు వాచేయి.

మూడు వారాల కిందట కిరణ్ క్యారియర్ పట్టుకుని ఇక్కడికొచ్చేడు. బెల్టుల రకం. నేనూ ఓ చెయ్యేసేను, సైకిల్ ఎక్కించేం. పాత ఇనప సైకిల్, బరువు. బెల్టు లాగి బిగించేసరికి డిక్కీ మీద చిన్న గీత పడింది. గోరంత.

దించీసేడు.

"ఇది సెట్టవ్వదత్తా. ఇంకో రకం ఆర్డర్ పెడతాను."

నిన్న పెట్టితో పాటు వైజాగ్ నుంచొచ్చిన వాళ్ళ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ నాకు చెప్పేడు. కిరణ్ సైకిల్ కోసం ఇక్కడికొచ్చిన ఆ రోజు సామ్యేలు కిందకి దిగి గేటు దగ్గర రెండు గంటలు నిలబడ్డాడంట. కుర్చీ వేస్తానంటే "వద్దులే బాబూ, వచ్చేస్తంది" అన్నాడంట. కారొచ్చింది. వెనక్కెళ్ళి డిక్కీ కేసి ఒకసారి చూసేడంట. తిన్నగా లిఫ్టెక్కీసేడు.

మళ్ళీ కిందకి దిగలేదు.

నిన్న పోయిన మనిషిని ఇక్కడికి తేవడానికి గంటలో బండి దొరికింది. దానికి ఎవరూ రివ్యూలు చదవలేదు.

కిరణ్ పెట్టి మీద పడి ఏడ్చేడు. నేను లేవదియ్యలేదు.

ఇక్కడిదాకా చదివినోళ్ళు కిరణ్‌ని తిట్టుకుంటారు. ఆగండి. నాది కూడా చెప్తాను. సునీత ఇది వద్దంటంది. రాయే.

నాలుగు నెలల కిందట సామ్యేలు నాకు ఫోన్ చేసేడు.
"అప్పా, మన వీధి బెల్లం వేన్ వారం వారం వైజాగ్ వస్తాది కదా. దాన్లో నా సైకిల్ ఎక్కించీ."

నేనేటన్నాను? "కొడుక్కి కారుండగా నీ సైకిల్ బెల్లం దిమ్మల మీద ఒస్తే నలుగురూ ఏటంటారు? ఆడి పరువు పోదా? ఆడే తెస్తాడు, ఆగు" అన్నాను.

"సరే అప్పా" అన్నాడు. మళ్ళీ అడగలేదు.

ఆ వేన్ మా గుమ్మం ముందునుంచే వెళ్తాది. ప్రతి వారం చూసేను. చెయ్యెత్తి ఆపితే అయిపోను. కొడుకు చెయ్యాల్సిన పనిలో అప్ప చెయ్యి పెట్టకూడదనుకున్నాను. కిరణ్ తన పెయింట్ చూసుకున్నాడు. నేను నలుగురి నోరు చూసుకున్నాను. వాడి మోకాళ్ళు ఎవరమూ చూడలేదు.

షుగర్ వల్ల పోయేడని నాకెవరూ చెప్పకండి.

వెళ్ళు తమ్ముడా. నెప్పి లేని కాళ్ళతో వెళ్ళు.
ప్రభువు నీకు నెమ్మదినివ్వాలి.
నాకు మాత్రం అప్పుడే ఇవ్వొద్దని అడుగుతన్నాను.